నోరు తెరువు, టిల్లీ!

జోలీన్‌కు ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం, తన కూతురు టిల్లీ ఏదో ఒకటి మింగేస్తుందని. ఉరుములకు భయపడదు, చెత్త డబ్బాల కోసం వచ్చే ఎలుగుబంటికి భయపడదు, ఆఖరికి మొగుడి తరపు చుట్టాలకు కూడా భయపడదు. కింద ఒక గుండీ కనిపిస్తే మాత్రం ఒళ్ళంతా చెమట పట్టేస్తుంది. ఏడాదిన్నర పిల్ల గొంతు ఎంత సన్నగా ఉంటుందో ఎవరో చెప్పగా విన్నది మొదలు, చేతిసంచిలో ఖాళీ టాయిలెట్ పేపర్ గొట్టం ఒకటి పెట్టుకుని తిరుగుతోంది. ఏ వస్తువైనా సరే, ఆ గొట్టంలోంచి జారి కింద పడిందంటే అది పిల్ల పాలిట యముడు. అడ్డుపడిందంటే బొమ్మ. పదకొండో తరగతి మధ్యలోనే బడి మానేసిన మనిషి కాబట్టి పుస్తకాల్లో చదివిందేదీ ఇప్పుడు గుర్తులేదు గానీ, బొమ్మల పెట్టెల మీదా మందు సీసాల మీదా చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే హెచ్చరికలన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

అలాంటి కోడలికి దేవుడు హార్లన్ లాంటి మామగారిని ఇచ్చాడు.

హార్లన్ చలికాలాల్లో రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరయ్యాడు. పైనున్నదంతా తోసేసి తోసేసి విసుగొచ్చిందో ఏమో, ఇప్పుడు కిందున్నది తవ్వడం మొదలుపెట్టాడు. మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని ఒంటారియోలో అనుమతి ఉన్న మైదానమల్లా గాలిస్తాడు. దొరికిన గొళ్ళేలు, గుర్రపు నాడాలు, సోడా డబ్బా మూతలు అన్నీ ఇంటికే. అదీ భరించవచ్చు. జోలీన్ భరించలేనిది ఒక్కటే. పాత వెండి నాణెం దొరికితే దాన్ని బట్టతో తుడవకూడదనీ, గీతలు పడతాయనీ, బుగ్గన పెట్టుకుని నెమ్మదిగా నానబెడితే మట్టి దానంతటదే వదులుతుందనీ ఆయన సిద్ధాంతం. ఆయన అలా బుగ్గ ఉబ్బించుకుని నిలబడితే టిల్లీ కళ్ళార్పకుండా చూస్తుంది. పోయిన వారం జోలీన్ బట్టలు మడతపెడుతూ తలెత్తేసరికి, టిల్లీ ఒక నట్టు బుగ్గన పెట్టుకుని, అచ్చం తాతలాగే నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉంది.

ఆగస్టు లాంగ్ వీకెండ్‌కు అందరూ పైన్ కోవ్ క్యాంప్‌గ్రౌండ్‌కు వచ్చారు. చెరువు ఒడ్డున, ఒకప్పుడు డాన్స్ హాలు ఉండి కాలిపోయిన చోట తవ్వుకోవడానికి, క్యాంప్‌గ్రౌండ్ యజమాని గోర్డ్ ఏడాదికి ఒక్కసారి హార్లన్ వాళ్ళ క్లబ్బుకు అనుమతిస్తాడు. ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా మామూలుది. జోలీన్ మొగుడు ట్రావిస్ ఊళ్ళోకి వెళ్ళి ఐసు తెస్తాడు. హార్లన్ తవ్వుకుంటాడు. జోలీన్ దుప్పటి పరుచుకుని పిల్లను ఆడిస్తుంది. మధ్యాహ్నం అందరూ కలిసి సాసేజీలు కాల్చుకు తింటారు. అంతే.

"మామయ్యా, ఇవాళ నోట్లో ఏమీ పెట్టుకోనని ఒట్టెయ్యండి" అంది జోలీన్, పాన్‌కేక్ తిరగేస్తూ.

"కాఫీ కూడా మానెయ్యమంటావా తల్లీ?"

"నాణేల సంగతి చెబుతున్నా. మీరేం చేస్తే అది చేస్తోంది ఈ పిల్ల."

"మంచిదేగా! పని నేర్చుకుంటోంది."

"మామయ్యా!"

"సరే సరే, ఒట్టు. ఇదిగో, డబ్బా కూడా తెచ్చుకున్నా చూడు" అని హార్లన్ పిప్పరమెంటు డబ్బా తీసి, లోపల పరిచిన దూది చూపించాడు. "దొరికింది దొరికినట్టు ఇందులో పడుతుంది. నా నోరు ఇవాళ మూసిన గుడి తలుపు."

"పోయినసారి కూడా ఒట్టేశావు నాన్నా" అన్నాడు ట్రావిస్ ట్రక్కు ఎక్కుతూ.

"పోయినసారి డబ్బా లేదురా!"

ట్రావిస్ వెళ్ళిపోయాడు. జోలీన్ గొట్టం పట్టుకుని దుప్పటి చుట్టూ ఉన్న ప్రతి రాయినీ పరీక్షించింది. జారిన వాటిని చెరువులోకి విసిరేసింది. ఇక పరవాలేదనుకుని కూర్చునేసరికి డాన్స్ హాలు వైపు నుంచి ఒక కేక వినిపించింది. గెలిచిన హాకీ ఆటలో తప్ప మామగారు అలా అరవగా ఆమె ఎప్పుడూ వినలేదు.

"చేప పొలుసు! చేప పొలుసు!"

చేప పొలుసంటే విక్టోరియా రాణి కాలపు అయిదు సెంట్ల వెండి నాణెం. వేలిగోరంత ఉంటుంది, ఊదితే ఎగిరిపోయేటంత పలచన. క్లబ్బులో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు దొరికింది, ఒక్క హార్లన్‌కు తప్ప. ఆయన ఎదుట ఆ మాట ఎత్తడమే మానేశారు, పిల్లలు లేని ఇంట్లో ఉయ్యాల మాట ఎత్తనట్టు. అలాంటిది ఇవాళ దొరికింది. హార్లన్ మొదటగా మనవరాలికి చూపించాలని దుప్పటి దగ్గరికి పరుగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వెనకాలే క్లబ్బువాళ్ళు. వాళ్ళ వెనకాల పక్క ట్రైలర్ ఇంట్లో ఉండే డొరీన్, వెన్నా పాకం నింపి కాల్చిన బటర్ టార్టుల పళ్ళెంతో.

డొరీన్ చాలాకాలం స్కూలు బస్సు నడిపింది. ఇప్పుడు క్యాంప్‌గ్రౌండ్‌ను నడుపుతోంది. గోర్డ్ ఒక్కడే ఆ సంగతి ఒప్పుకోడు.

"ముందు నోరు తీపి చేసుకో హార్లన్! ఇన్నేళ్ళకు నీ దరిద్రం వదిలింది!" అంటూ ఆయన నోట్లో ఒక టార్టు కుక్కింది.

హార్లన్ ఆనందంగా నమిలాడు. నములుతూ ఆగాడు. మొహం అదోలా పెట్టాడు.

"డొరీన్, ఇందులో ఏదో గట్టిగా తగిలింది. వాల్‌నట్ గింజ గానీ వేశావా?"

అంతే, క్లబ్బువాళ్ళు తలా ఒక అడుగు వెనక్కి వేశారు. టార్టులో గింజ వేయడం, కిస్మిస్ వేయడం అనే విషయాల మీద ఆ ప్రాంతంలో అన్నదమ్ములు విడిపోయారు.

"నా టార్టులో గింజా?" అంది డొరీన్. "గింజా? మా అమ్మ చేతి వంట ఇది. కిస్మిస్ కూడా వెయ్యని దాన్ని నేను! గింజ వేసేది ఆ చర్చి వంటింటి వాళ్ళు! నన్ను పట్టుకుని వాళ్ళతో..."

"అబ్బే, గింజ కాదులే, గింజ కాదు" అన్నాడు హార్లన్, గబగబా మింగేసి. "అద్భుతంగా ఉంది."

"ఇంతకీ నాణెం ఏదీ? చూపించు" అన్నారు క్లబ్బువాళ్ళు.

హార్లన్ గర్వంగా పిప్పరమెంటు డబ్బా మూత తీశాడు. దూది ఉంది. దూది మాత్రమే ఉంది. అరచేతులు చూసుకున్నాడు. జేబులు తిరగేశాడు. టోపీ తీసి దులిపాడు. ఆయన మొహంలో రంగు దిగిపోతుండగా, అందరి చూపులూ ఒక్కొక్కటిగా దుప్పటి మీదికి వాలాయి.

టిల్లీ దుప్పటి అంచున కూర్చుని ఉంది. పిడికిలి నిండా మట్టి. పెదవులు బిగించి ఉన్నాయి. ఒక బుగ్గ ఉబ్బి ఉంది.

జోలీన్ ఒక్క ఉదుటున వెళ్ళి పిల్ల ముందు వాలింది.

"నోరు తెరువు, టిల్లీ!"

టిల్లీ తల అడ్డంగా ఊపింది.

"టిల్లీ, అమ్మ కదూ, బంగారం కదూ, నోరు తెరువమ్మా!"

టిల్లీ తల్లి కళ్ళలోకి చూస్తూ, అందరికీ వినిపించేలా గుటుక్కున మింగి, అప్పుడు నోరు తెరిచింది. జోలీన్ వేలు పెట్టి వెతికితే పాన్‌కేక్ తునక, కాస్త మట్టి. వెండి లేదు.

"మింగేసింది" అంది జోలీన్.

"తలకిందులుగా పట్టుకో!" అంది డొరీన్. "వద్దు, బ్రెడ్డు పెట్టు! వద్దు, ముందు ఏడవనీ!"

టిల్లీ ఏడవలేదు. టార్టు వైపు చెయ్యి చాచింది.

"కంగారు పడకండి" అన్నాడు హార్లన్. గొంతులో పెద్దరికం తెచ్చుకున్నాడు. "ఉందో లేదో ఇప్పుడే తేల్చేద్దాం. నా దగ్గర యంత్రముంది."

భూమిలో వెండి ఉంటే ఆ యంత్రం సన్నగా, కోయిలలా కూస్తుంది. ఇనుముంటే కప్పలా బెకబెకమంటుంది. పిల్లను పిక్నిక్ బల్ల మీద పడుకోబెట్టి, హార్లన్ ఊపిరి బిగబట్టి డిటెక్టర్ కొసనున్న పళ్ళాన్ని ఆమె పొట్ట మీదుగా జరిపాడు.

కూ... అంది యంత్రం.

జోలీన్ వంగి పిల్ల పొట్టకు చెవి ఆనించింది.

"వెండే!" అన్నాడు హార్లన్. "వెండి మోతే! విన్నారా? ఎంత స్వచ్ఛంగా ఉందో!" మొహం వెలిగిపోయింది. కోడలి మొహం చూడగానే ఆరిపోయింది. "అంటే... అయ్యో, ఎంత ఘోరం అని."

"పిల్ల వేసుకున్న ఓవరాల్ పట్టీలకు ఇత్తడి బకిల్స్ ఉన్నాయి కదయ్యా" అన్నారు వెనక నుంచి ఎవరో. ఓవరాల్ విప్పేశారు. మళ్ళీ జరిపారు. ఈసారి కప్ప అరిచింది. బల్లకున్న ఇనుప బోల్టులు అనుకోవాల్సిన చోట, "ఇనుము కూడా మింగిందా?" అంది డొరీన్.

హార్లన్ యంత్రం పాతదనీ, తమది కొత్తదనీ క్లబ్బువాళ్ళు తలా ఒక డిటెక్టర్ తెచ్చి బల్ల చుట్టూ చేరారు. ఆ యంత్రాలను దగ్గర దగ్గరగా పెడితే ఒకదాన్ని చూసి ఒకటి పిచ్చెత్తినట్టు అరుస్తాయి. ఆ సంగతి వాళ్ళందరికీ తెలుసు. మైదానంలో ఒకరికొకరు దూరంగా ఉండి తవ్వుకోవడం వాళ్ళ మొదటి నియమం. కానీ కంగారులో నియమం ఎవరికి గుర్తుంటుంది? కోయిలలూ కప్పలూ కలిసి ఒక్కసారిగా గోలపెట్టాయి. టిల్లీ చప్పట్లు కొట్టి కిలకిలా నవ్వింది. ఆమె నవ్వినప్పుడల్లా యంత్రాలు ఇంకా గట్టిగా అరుస్తున్నట్టు జోలీన్‌కు అనిపించింది. పిల్ల లోపల ఇంకేమేం ఉన్నాయో!

"పెద్ద నిధే ఉన్నట్టుంది" అన్నాడు ఒకాయన, టోపీ తీసి గుండెకు ఆనించుకుంటూ.

ఈ గోల విని ఆఫీసు గదిలోంచి గోర్డ్ వచ్చాడు. అతనికి ఎవరో "పాప కడుపులో లోహం" అన్నారు. ఇంకెవరో "తవ్వకంలో దొరికిందట" అన్నారు. రెండూ కలుపుకుని గోర్డ్ వెనక్కి పరుగెత్తి మైకు అందుకున్నాడు. "క్యాంపర్లందరికీ మనవి. డాన్స్ హాలు వైపు ఎవరూ వెళ్ళకండి. భూమిలోంచి ఒకటి బయటపడింది. ఒక పాప దాన్ని మింగింది. దయచేసి కంగారు పడకండి."

క్యాంప్‌గ్రౌండ్ మొత్తం కంగారు పడింది. చెరువులో ఈదేవాళ్ళు ఒడ్డుకొచ్చారు. ఒడ్డున ఉన్నవాళ్ళు చెరువులోకి దిగారు.

జోలీన్ ఇక ఆగలేదు. పిల్లను దుప్పట్లో చుట్టి డొరీన్ కారెక్కింది. పక్కన హార్లన్, గుంటల్లో వెతికే చిన్న చేతి డిటెక్టర్ జేబులో పెట్టుకుని. డొరీన్ తన జీవితంలో బస్సెప్పుడూ నడపనంత వేగంగా కారు నడిపింది. వెనకాల క్లబ్బు ట్రక్కులన్నీ బారులు తీరాయి, పెళ్ళికో చావుకో తెలియకుండా.

దారంతా జోలీన్‌కు కనిపిస్తున్నది ఆసుపత్రి బల్ల, దాని వెనక కళ్ళజోడు పెట్టుకున్న డాక్టరు, ఆ డాక్టరు అడగబోయే ప్రశ్న: ఈ పిల్లను చూసుకుంటున్నదెవరు? నేనే అని చెప్పాలి. రాళ్ళు కూడా గొట్టంలో వేసి చూశాను అని చెబితే నమ్ముతారా? చదువు మానేసిన పిల్ల, చిన్న వయసులో తల్లయింది, ఇంకేం చూసుకుంటుంది అనుకోరూ?

"ఒక్క గింజ కూడా వెయ్యను" అంటోంది డొరీన్ స్టీరింగు తిప్పుతూ. "ఒక్కటి కూడా."

"ఇప్పుడా ఆ మాట!" అన్నాడు హార్లన్.

"అన్నది నువ్వే కదా! అంతమంది ముందు!"

సరిగ్గా అదే సమయంలో ట్రావిస్ ఐసు బస్తాతో క్యాంప్‌గ్రౌండ్‌కు తిరిగొచ్చాడు. మైదానంలో నరమానవుడు లేడు. పిక్నిక్ బల్ల మీద తన కూతురి ఓవరాల్ ఒక్కటే పడి ఉంది. బల్ల చుట్టూ డిటెక్టర్లు నేల మీద పడి, ఇంకా ఒకదాన్నొకటి చూసి మూలుగుతున్నాయి. ట్రావిస్ ఆ ఓవరాల్ చేతిలోకి తీసుకున్నాడు. గోర్డ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ధైర్యంగా ఉండు ట్రావిస్. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఏ సంవత్సరందో ఇంకా తెలీలేదు."

ఆసుపత్రిలో డాక్టరు నిజంగానే కళ్ళజోడు పెట్టుకుని ఉంది. జోలీన్‌కు సగం ప్రాణం అక్కడే పోయింది. పిల్లను ఎక్స్-రే గదిలోకి తీసుకెళ్ళారు, తీసుకొచ్చారు. డాక్టరు ఫోటోను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది.

"ఏమీ లేదమ్మా."

"సరిగ్గా చూడండి డాక్టర్, పలచగా ఉంటుంది. వేలిగోరంత. విక్టోరియా రాణిది."

"ఏ రాణీ లేదు. గొంతు నుంచి కింది దాకా చూశాను. మీ పాప లోపల ఉన్నది పాన్‌కేక్ అయ్యుంటుంది. మీ పాప నిక్షేపంగా ఉంది."

జోలీన్‌కు ఏడుపు రావాలి. రాలేదు. నమ్మకం కుదిరితే కదా ఏడుపొచ్చేది! అప్పుడే ట్రావిస్ తలుపు తోసుకుని వచ్చాడు, ఐసు బస్తా భుజాన మోస్తూనే. దింపాలన్న ఆలోచనే అతనికి రాలేదు. నీళ్ళు కారి చొక్కా ముద్దయింది, నేల మీద మడుగు కట్టింది. పిల్లను చూశాడు. పిల్ల "ఐసు!" అంది.

"మరి నాణెం ఏమైనట్టు?" అన్నాడు హార్లన్ నీరసంగా. ఒక్క పూటలో పదేళ్ళు పైబడినట్టు కనిపించాడు.

"ఏమో మరి" అంది డొరీన్ మూలనుంచి. "నా టార్టులో గింజ ఉందని చెప్పిన నోరే చెప్పాలి."

జోలీన్ నెమ్మదిగా తల తిప్పింది.

"మామయ్యా."

"ఏం తల్లీ."

"టార్టులో గట్టిగా తగిలిందన్నారే, అదేం చేశారు?"

"ఏం చేస్తాను, మింగేశా. డొరీన్ అంత గోల చేస్తుంటే బయటికి తీసి చూపిస్తే నన్ను బతకనిస్తుందా?"

"నాణెం దొరికిన వెంటనే ఎక్కడ పెట్టారు?"

"డబ్బాలో. దొరికిందా, మట్టి దులిపానా, ఇలా తీసి..." హార్లన్ రెండు వేళ్ళు కలిపి చూపించబోయాడు. ఎన్నో ఏళ్ళ అలవాటు ఉన్న ఆ చెయ్యి డబ్బా వైపు వెళ్ళలేదు. దానంతటదే లేచి, తిన్నగా ఆయన బుగ్గ దగ్గరికి వెళ్ళి ఆగింది.

ట్రావిస్ అప్పుడు ఐసు బస్తా కింద పెట్టాడు.

జోలీన్ ఆయన జేబులోంచి చేతి డిటెక్టర్ లాక్కుని పొట్టకు ఆనించింది. కూ... అంది.

"బెల్టు" అన్నాడు హార్లన్. బెల్టు తీశాడు. కూ... అంది. జేబుల్లో తాళాలు, గడియారం, మడత కత్తి అన్నీ బల్ల మీద పెట్టాడు. ప్యాంటు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. యంత్రం కోయిలలా, ఎంతో స్వచ్ఛంగా కూసింది.

"గింజ కాదు!" అని డొరీన్ కుర్చీలోంచి లేచింది. "అందరూ విన్నారా? గింజ కాదు!" బయట వరండాలో ఉన్న క్లబ్బువాళ్ళకు కూడా వెళ్ళి చెప్పింది.

హార్లన్‌ను ఎక్స్-రే గదిలోకి తీసుకెళ్ళారు. ఈసారి ఫోటోలో చిన్న గుండ్రటి మచ్చ తెల్లగా, పున్నమి చంద్రుడిలా వెలిగిపోతోంది. హార్లన్ దాన్ని కళ్ళు విప్పార్చి చూశాడు. ఆయన నోటినుంచి మొదట వచ్చిన మాట:

"సంవత్సరం కనిపిస్తోందా డాక్టర్?"

డాక్టరు ఫోటో పక్కన పెట్టింది. చిన్నది, పలచనిది కాబట్టి దానంతటదే బయటికి వస్తుందనీ, నొప్పి వస్తే వెంటనే తీసుకురమ్మనీ చెప్పి, కాగితం తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, జోలీన్ దారంతా భయపడిన ప్రశ్న అడిగింది. వేలు మాత్రం వేరే వైపు చూపించింది.

"ఈయన్ని చూసుకుంటున్నదెవరు?"

హార్లన్ తల దించుకున్నాడు. ట్రావిస్ గోడ వైపు చూశాడు. జోలీన్ పిల్లను చంకనెత్తుకుని, ఆ రోజు మొదటిసారి నిటారుగా నిలబడింది.

"నేనే డాక్టర్" అంది.

లాంగ్ వీకెండ్ అయిపోయి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. హార్లన్ రానన్నాడు. ఇంట్లో టాయిలెట్ తొట్టి తాడు లాగితే ఇన్నేళ్ళ కల కాలవ పాలవుతుందని ఆయన భయం. చివరి ట్రైలర్ వెనకాల టార్పాలిన్ కట్టుకుని, చలికాలం చేపలు పట్టే బకెట్టు ఒకటి వేసుకుని, చేతి డిటెక్టర్ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. గోర్డ్ రోజూ దూరం నుంచి "వచ్చిందా?" అని కేకేస్తాడు. జవాబు రాదు. జోలీన్ కూడా రోజూ ఫోన్ చేసి ఏం తిన్నారో అడుగుతుంది, పిల్లను అడిగినట్టే. ఆయన బాగానే ఉన్నానంటాడు. ఆ మాట ఆయన ఎప్పుడూ అంటాడు కాబట్టి ఆమెకు నిద్రపట్టడం లేదు.

అందుకే, మీలో ఎవరైనా పైన్ కోవ్ వైపు వెళ్తే, దయచేసి ఆ చివరి ట్రైలర్ దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆయన ఎలా ఉన్నాడో చూడండి. కడుపు కదలడానికి ప్రూన్స్ పళ్ళేవీ తీసుకెళ్ళకండి, డొరీన్ పంపుతూనే ఉంది. బాగానే ఉన్నానంటే మాత్రం వెంటనే నమ్మకండి. ముందు నోరు తెరిచి చూపించమనండి.